మనుషుల్ని పిలవడానికెళ్ళినవాడు

ఆ రోజు మా ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలికగా ఉంటుంది.

మా మరిది వీడియో గేములకి కథలూ మాటలూ రాస్తాడు. "అదీ ఒక ఉద్యోగమేనా" అని చుట్టాలందరూ మొదట్లో మూతి విరిచారు. వాడూ, వాడి ఆఫీసువాళ్ళూ కలిసి ఏళ్ళతరబడి చేసిన 'ఉప్పుదీవులు' అనే ఆట బయటికొచ్చి, జనం ఎగబడి కొనుక్కుంటున్నారని తెలిశాక ఆ మూతులే "మావాడు, మావాడు" అనడం మొదలుపెట్టాయి. నేనేం తక్కువ తినలేదు. మా ఫ్రేముల కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వాడే ఆటపెట్టె పట్టుకొచ్చి మా హాల్లో టీవీకి తగిలించాడు. మా అమ్మాయి కంట్రోలర్ లాక్కుని నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. నేనూ మా ఆయనా సోఫాలో కూర్చున్నాం.

నాకు అర్థమైనంతలో ఆట ఇది. ఆడేవాళ్ళు ఒక ఓడకి కెప్టెన్. ఆ లోకంలో దీవులు ఒకచోట కుదురుగా ఉండవు, మెల్లగా కదులుతూ ఉంటాయి. నిన్న లంగరేసిన రేవు ఇవాళ అక్కడ ఉండదు. ఎప్పుడో మునిగిపోయిన రాజులు పొగమంచుగా నీళ్ళమీదికి లేచి, ఓడల్ని కమ్ముకుని, మనుషుల్ని లాక్కుపోతారు. వాళ్ళకి భయం ఒక్క వెలుతురంటేనే. అందుకని ఓడచుట్టూ దీపాలుంటాయి. కెప్టెన్ రేవురేవుకీ తిరిగి చుక్కాని పట్టేవాణ్ణీ, తెరచాపలు చూసే పిల్లనీ, గాలిని పిలిచే ముసలమ్మనీ పోగుచేసుకుని, ఆ రాజులందరికీ పెద్దవాడు పడుకున్న చోటికి వెళ్ళాలి. ఓడలో ఉన్న ఒక్కొక్కరికీ మనమీద ఎంత నమ్మకముందో తెర మూలన ఒక చిన్న దీపం చూపిస్తుంది. మాట తప్పితే దీపం సన్నబడుతుంది, ఆదుకుంటే పెద్దదవుతుంది.

ఈ దీపాలన్నీ చూసుకునేవాడు దీపాల తాత. పొడుగ్గా, వంగిపోయి, మెళ్ళో నూనెడబ్బా వేలాడేసుకుని ఉంటాడు. పొగమంచు వచ్చిందంటే చాలు, అందరూ బల్లేలు పట్టుకుని నిలబడితే ఈయన నూనెడబ్బా అక్కడ పారేసి చిన్నపడవలోకి దూకేస్తాడు. యుద్ధం అయిపోయాక మెల్లగా తెడ్డు వేసుకుంటూ వెనక్కొస్తాడు. వచ్చి గొంతు సవరించుకుని, "ఆఁ... అదేంటంటే... నేను పారిపోలేదు. మనుషుల్ని పిలవడానికెళ్ళాను" అంటాడు.

నడిసముద్రంలో మనుషులెక్కడున్నారు పిలవడానికి? మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడు ఆట మనల్ని అడుగుతుంది, వాణ్ణి ఏం చెయ్యమంటావని. తిట్టొచ్చు, తాగడానికిచ్చే నీళ్ళు తగ్గించొచ్చు, ఏదైనా దీవిలో దింపేసి పోవచ్చు, ఊరుకుని ఎక్కించుకోవచ్చు. మా అమ్మాయి దింపేసింది. వాడు తరవాతి దీవికి పీపాలో కొట్టుకొచ్చి, పీపా మూత ఎత్తి మళ్ళీ అదే మాట అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చేశాయి నవ్వలేక. "ఎక్కడ పట్టావయ్యా ఈ మహానుభావుణ్ణి" అని మా మరిది వీపుమీద ఒక్కటి చరిచాను. రాసినవాడు నవ్వడేమిటి? వాడు చేతిలో ఖాళీ కప్పులోకి చూస్తున్నాడు. మా ఆయన మాత్రం నవ్వాడు. అందరూ మొదలుపెట్టాక మొదలుపెట్టి, అందరూ ఆపాక ఆపాడు.

కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. హాల్లో మళ్ళీ పొగమంచు వచ్చినట్టుంది, గోలగా ఉంది. ఆ తరవాత గొంతు ఒక్కటే వినిపించింది. బొమ్మ లేదు, వంగిపోయిన నడుం లేదు, నూనెడబ్బా లేదు. "ఆఁ... అదేంటంటే..."

అది మా ఆయన గొంతు. ఆయన కాదని తెలుసు, ఆయన సోఫాలో ఉన్నాడు. కానీ ఆ 'ఆఁ' దగ్గర పైకి లేచి, 'అదేంటంటే' దగ్గర కిందికి జారే పద్ధతి ఈ భూమ్మీద ఇంకొకళ్ళకి లేదు. ఇవ్వాల్సిన రోజుకి ఫ్రేము తయారుకానప్పుడు ఆయన అలాగే మొదలుపెడతాడు. నా తమ్ముడి పెళ్ళికి ఆలస్యమైనప్పుడూ అలాగే మొదలుపెట్టాడు. కొట్టు కాలిన రోజున కూడా అలాగే మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా చెయ్యి కదల్లేదు.

కొట్టు సంగతి చెప్పాలి. మాది ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టు. ముందు గదిలో బల్ల, గోడనిండా నమూనా ముక్కలు. వెనక గదిలో కోతమిషను, వార్నిష్, జిగురు. రెంటికీ మధ్య ఒక గాజుపలక. మా అమ్మాయి చిన్న బళ్ళో ఉండగా ఒకరోజు వెనకగదిలో వార్నిష్ డబ్బాల దగ్గర నిప్పంటుకుంది. నేను లోపల ఉన్నాను. తలుపుకీ నాకూ మధ్య మంట లేచింది. గాజుపలకలోంచి చూస్తే ముందుగదిలో మా ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. చూసి, వెనక్కి తిరిగి, వీధిలోకి పరిగెత్తాడు.

నేను జిగురుబల్ల కింది గోనెసంచి తడిపి, నెత్తిమీద కప్పుకుని, మంట పక్కనుంచి బయటపడ్డాను. ఎడమచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. నేను వీధిలో కూర్చుని దగ్గుతుంటే ఆయన అవతలి సందులోంచి నలుగురు మనుషుల్నీ బకెట్లనీ వెంటబెట్టుకుని వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆఁ... అదేంటంటే... మనుషుల్ని పిలవడానికెళ్ళాను" అన్నాడు. "మంచిపని చేశారు" అన్నాను నేను.

మా మధ్య ఆ విషయం మీద జరిగిన సంభాషణ అంతే. నేను చూశానని ఆయనకి తెలీదనుకున్నాను. పొగ కదా, గాజు మసిబారింది కదా. మొగుడి పరువు భార్య చేతిలో ఉంటుందంటారు. ఆ పరువు నేను భద్రంగా దాచిపెట్టాననుకున్నాను. ఎవరైనా నా చెయ్యి చూసి అడిగితే, ఆయన నోరు తెరిచేలోగా నేనే చెప్పేదాన్ని: "మావారు సమయానికి మనుషుల్ని పిలవడానికెళ్ళారు కాబట్టి సరిపోయింది, లేకపోతే వీధి వీధంతా పోయేది" అని. చేత్తో వీధిని చూపించి మరీ చెప్పేదాన్ని.

మా అమ్మాయి అవతల సముద్రాలు దాటుతుండగా మా మరిదిని వంటింట్లోకి పిలిచాను. వాడు తేలు కుట్టిన దొంగలా వచ్చి ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు.

"ఆ తాత ఎవరు?" అన్నాను.

"వదినా, అది ఉంచాలని పెట్టింది కాదు."

"ఎవరని అడిగాను."

వాడు చెప్పుకొచ్చాడు. వాళ్ళ పనిలో ఒక పద్ధతుందట. అసలు నటులు వచ్చి గొంతివ్వడానికి చాలా ముందే బొమ్మల పెదాలు కదిలించాలి, ఏ మాటకి ఎంతసేపు పడుతుందో చూసుకోవాలి. అందుకని రాసినవాళ్ళే అప్పటికి నోటికొచ్చిన మాటలు పెట్టి, వాళ్ళ గొంతుతోనే చదివేసి ఉంచుతారు. తరవాత అవి తీసేసి అసలువి పెడతారు. మిగతా అందరివీ తీసేశారు. దీపాల తాతవి మాత్రం ఆఫీసులో విన్నవాళ్ళందరూ విరగబడి నవ్వి, ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు, ఇదే ఉంచుదామన్నారు. వీడు వద్దన్నాడట. ఎందుకు వద్దో చెప్పమన్నారు. చెప్పలేకపోయాడు.

"చిన్నప్పట్నుంచీ అన్నయ్య గొంతు అనుకరించడం నాకు సరదా కదా వదినా. ఏదో ఆఫీసులో నవ్వించడానికి..."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని. మరి ఆ మాట? ఆ మాట నీకెలా తెలుసు? నేను నీకెప్పుడూ కొట్టు కాలిన కథ చెప్పలేదే. నువ్వప్పుడు ఊళ్ళోనే లేవు."

"అన్నయ్యే చెప్పాడు. ఒకసారి. ఏడ్చాడు" అన్నాడు.

"ఏం చెప్పాడు?"

"నా నోటితో చెప్పలేను వదినా. ఆటలో ఉంది. తాత దీపం నిండుగా వెలిగితే ఒక దీవిలో కూర్చుని చెప్తాడు. అదీ తీసేద్దామనే రాశాను. తరవాత తియ్యబుద్ధి కాలేదు." వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. "మార్పిస్తాను. ఆఫీసులో అడిగాను. ఆటలో తప్పులు దిద్దినవి మళ్ళీ పంపిస్తారు కదా, అప్పుడు మాటలు మారతాయి. అప్పటిదాకా పిల్లకి తెలియనివ్వకు."

ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరం ఒకటయ్యాం. హాల్లో మా అమ్మాయి తాతని మళ్ళీ ఒక రాతిదీవిలో దింపేసి, "పిలుచుకో నీ మనుషుల్ని" అంటోంది. అది నాన్నకూచి. ఆ ముసలాడు ఎవరో దానికి తెలిస్తే, ఆయన ఈ ఇంట్లో మళ్ళీ తలెత్తుకుని అన్నం తినలేడు.

కొట్టుకి సెలవైన రోజు మా ఆయన పెద్ద ఫ్రేములు ఇళ్ళకి తీసుకెళ్ళి గోడలకి బిగించి వస్తాడు. పిల్ల కాలేజీకి పోతుంది. నేను ఆటపెట్టె ముందు కూర్చున్నాను. మీటలు ఏవేమిటో పిల్లే నేర్పింది, "అమ్మకి పిచ్చెక్కింది" అని బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఎడమ బొటనవేలు ఓడ, కుడి బొటనవేలు చూపు. మూలలు అతుకు కనపడకుండా కలపగలిగిన చేతులు నావి, ఆ ఓడని మాత్రం తిన్నగా రేవులోంచి బయటికి తీయలేకపోయాయి. పక్క ఓడల్ని గుద్దాను. రాళ్ళకెక్కించాను. చుక్కాని పట్టేవాడు నన్ను చూసి నిట్టూర్చడం కూడా రాశాడు మా మరిది, వాడి దుంపతెగ. గాలిని పిలిచే ముసలమ్మ నాతో వచ్చిందీ, పోయిందీ. నేను మాత్రం ఎవరికోసం వచ్చానో వాణ్ణి వదల్లేదు.

తాత పారిపోయిన ప్రతిసారీ ఎక్కించుకున్నాను. తిట్టలేదు. నూనెలో పెద్దవాటా వాడికిచ్చాను. వెనక్కొచ్చి ఆ మాట అన్నప్పుడల్లా, ఆట నాలుగు జవాబులు చూపిస్తే, "మంచిపని చేశావు" అన్న జవాబు ఎంచుకున్నాను. నిజంగా ఆ జవాబుంది అందులో. వాడి దీపం పెద్దదవుతూ వచ్చింది. ఇది నాకు అలవాటైన పనే కదా అనుకున్నాను. ఇన్నేళ్ళూ చేసిందే కదా అని లోపల కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఓర్పంటే నాది అనుకున్నాను. ఆ గొప్ప గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతుంది.

అలలు లేని నీళ్ళ మధ్య ఒక దీవి వచ్చింది. మిగతావాళ్ళు నిద్రపోతున్నారు. తాత ఒడ్డున కూర్చుని వత్తి సరిచేస్తున్నాడు. దగ్గరికెళ్ళి మీట నొక్కాను. గొంతు సవరించుకోలేదు. అక్కడ వెక్కిరింపు లేదు. మా మరిది వాళ్ళన్న గొంతుతోనే చదివాడు, కానీ అన్నం తినకుండా వచ్చినవాడిలా చదివాడు.

"కెప్టెన్, అప్పట్లో నా ఓడొకటి తగలబడింది. నా భార్య కింది అరలో ఉంది. అద్దంలోంచి నన్ను చూసింది. నేనూ చూశాను. చూసే పారిపోయాను. ఆవిడ చూసిందని నాకు తెలుసు. ఒక్క మాట అనలేదు. అనకపోగా, ఏ రేవులో ఎవరు కలిసినా, మావారు మనుషుల్ని పిలవడానికెళ్ళారని నాకంటే ముందు ఆవిడే చెప్తుంది. నవ్వుతూ చెప్తుంది. నేను పక్కన కూర్చుని తలూపాలి. మంట ఆ ఒక్కరోజే. ఇది మాత్రం ఎప్పుడు మొదలవుతుందో తెలీదు. ఎవరైనా ఆవిడ చెయ్యి వైపు చూస్తే చాలు, నాకు మొదలైపోతుంది."

తెరమీద మళ్ళీ జవాబులొచ్చాయి. నేను ఏదీ నొక్కలేదు. టీవీ ఆపేసి గోడవైపు తిరిగి కూర్చున్నాను.

ఆయనకి తెలుసు. నేను చూశానని మొదట్నుంచీ తెలుసు. తెలిసి, చుట్టాల ముందూ, పక్కింటివాళ్ళ ముందూ, కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషి ముందూ నేను ఆయన్ని పొగుడుతుంటే కూర్చుని విన్నాడు. నేనేమనుకున్నాను? కాపాడుతున్నాననుకున్నాను. అబద్ధం. ఇప్పుడు దాచి ఏం లాభం, ఆయనతో మాటామాటా వచ్చిన రోజున ఎవరైనా ఇంటికొస్తే, ఆ కథ నా నోటికి ఇంకాస్త తొందరగా వచ్చేది. చెప్తున్నప్పుడు ఓరకంటితో ఆయన మొహం చూసేదాన్ని. ఆ మొహం నల్లబడితే నాకు తిన్నది వంటబట్టేది. పుండుమీద కారం చల్లి, దానికి వెన్న అని పేరు పెట్టుకున్నాను. నాకు సిగ్గేసింది. ఆ తాతని చూసి నవ్వినందుక్కాదు, అంతకంటే ఎక్కువ సిగ్గు. ఒక్కతినే ఉన్న గదిలో పైట మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన మేకుల డబ్బా భుజానేసుకుని వచ్చాడు. కాఫీ ఇచ్చాను. ఏదో అనాలి. ఏమనాలి? "నేను చూశాను" అంటే ఎందుకిప్పుడు అంటాడు. "క్షమించండి" అంటే ఎందుకంటాడు. "ఇవాళ వెళ్ళినవాళ్ళింట్లో గోడ మరీ గుల్లగా ఉంది, మేకు నిలవలేదు" అన్నాడు ఆయన. "అలాగా" అన్నాను. ఇంక ఆ కథ జన్మలో చెప్పకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. మణికట్టు దాకా చేతులున్న జాకెట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాను. నోరు మూసుకుంటే సరిపోతుందనుకున్నాను.

నేను మూసుకుంటే ఏం లాభం? ఇన్నేళ్ళూ ఎంతమంది చెవుల్లో పోశాను!

పిల్లకి సెలవులు. కొట్టులో కూర్చుని గాజుపలకలు తుడుస్తోంది. మా ఆయన బల్లమీద ఒక పాతఫొటోకి వెనక అట్ట బిగిస్తున్నాడు. సంగీతం మేష్టారొచ్చారు, మాకు పాత ఖాతాదారు. కొత్తల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చారు, పెళ్ళిఫొటో కట్టించడానికి. నేను నమూనా ముక్కలు చూపించడానికి చెయ్యెత్తాను. జాకెట్టు చెయ్యి కిందికి జారింది. అల్లుడు నా చెయ్యి చూసి, "అయ్యో, ఏమైందండీ" అన్నాడు.

"ఏదోలెండి, పాతది" అన్నాను.

"అదా? అదో పెద్ద కథ నాయనా" అన్నారు మేష్టారు, కుర్చీ ముందుకి లాక్కుని. "ఈవిడ చెప్తే వినాలి. వెనకగదిలో మంటలు. ఈవిడ లోపల. అప్పుడు మన యజమానిగారు ఏం చేశారనుకున్నావ్? సమయానికి మనుషుల్ని పిలవడానికెళ్ళారు. అందుకే సరిపోయింది, లేకపోతే వీధి వీధంతా పోయేది." నేను చూపించినట్టే చేత్తో వీధిని చూపించారు. ఒక్క ముక్క పొల్లుపోలేదు. శిష్యుడు గురువుగారి పాట అప్పజెప్పినట్టు నా కథ నాకే అప్పజెప్పారు.

మా అమ్మాయి పకపకా నవ్వింది. "నాన్నా, అచ్చం దీపాల తాత డైలాగే" అంది.

మా ఆయన చేతిలో సుత్తి ఆగింది. "ఆఁ..." అన్నాడు, అలవాటుకొద్దీ. "అదేంటంటే..."

పిల్ల నవ్వు సగంలో ఆగిపోయింది. వాళ్ళ నాన్న వంక చూసింది. నా చేతి వంక చూసింది. మళ్ళీ నాన్న వంక చూసింది. అది మొద్దుపిల్ల కాదు, అన్నీ నా పోలికే. బాబాయి ఎవరి గొంతు అనుకరిస్తాడో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను నోరు తెరిచాను. ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు చూడండి. ఇంకో పెద్ద అబద్ధం నాలుకమీద సిద్ధంగా ఉంది. "నేనే పంపించానే మనుషుల్ని పిలవమని. నేనే కేక వేశాను, పొండి పొండి అని..."

"వద్దు" అన్నాడు మా ఆయన. సుత్తి బల్లమీద పెట్టాడు. "ఇంక నువ్వు చెప్పకు."

ఆయన పిల్లవైపు తిరిగాడు.

"పారిపోయానమ్మా. అమ్మ లోపలుంది. చూశాను. చూసి పారిపోయాను. అవతలి సందు చివరిదాకా పరిగెత్తాను. అక్కడ ఎవరో ఏమైందని అడిగితే అప్పుడు చెప్పాను. మనుషుల్ని పిలవడానికి వెళ్ళలేదు. మనుషులు కనిపించారంతే."

మేష్టారికి ఎటు చూడాలో తెలియలేదు. తప్పు ఆయనది కాదు, పాపం, మొహం మాత్రం ఆయనదే ఎక్కువ మాడిపోయింది. "ఫొటో ఉంచండి, రేపొస్తాం" అని అల్లుడి మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు. పిల్ల గుడ్డ పట్టుకుని అదే గాజుపలకని, తుడిచిన చోటే తుడుస్తోంది.

నాకు ఎక్కడికైనా పోవాలనిపించింది. ఆయన మాటలకి కాదు. అన్నేళ్ళు నేను చెప్పనివ్వని మాట చెప్పడానికి ఆయనకి ఊపిరి రెండుసార్లు పీల్చుకున్నంతసేపు పట్టింది. అంతసేపు కూడా నేనెప్పుడూ నోరు మూసుకోలేదు.

ఆయన నావైపు తిరిగాడు. నా భుజం పక్కనున్న నమూనా ముక్కల్ని చూస్తూ మాట్లాడాడు. కొట్టు కాలినప్పట్నుంచీ ఆయన నాతో అలాగే మాట్లాడతాడు, పక్కకి చూస్తూ. అదీ నాకు ఆ క్షణాన్నే తెలిసింది.

"నువ్వొక్కసారి తిట్టుంటే బాగుండేది" అన్నాడు.

"సిగ్గులేదా మీకు?" అన్నాను.

ఎలా వచ్చిందో తెలీదు. ఓదార్చాలనే నోరు తెరిచాను. వచ్చింది మాత్రం అది. ఆ తరవాత ఆగలేదు. "కట్టుకున్నదాన్ని మంటల్లో చూసి ఎలా పోబుద్ధేసింది మీకు? నేను చచ్చుంటే? పిల్లకేం చెప్పేవాడివి? నీ పేరే పిలిచాను నేను. రెండుసార్లు పిలిచాను. నువ్వు వినపడనట్టు పోయావు." మర్యాద ఎటో పోయింది. గొంతు వీధిలోకి పోతోంది. మంగలిషాపు ముందు నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. "ఆ రాత్రి ఆస్పత్రిలో నా పక్కనే కూర్చుని బత్తాయి ఒలిచావు. ఒలిచి తొన నా నోట్లో పెట్టావు. నేను తిన్నాను. నాకు వాంతొచ్చింది, మింగేశాను. నువ్వంటే నాకు అసహ్యమేసింది. తెలుసా? నిన్ను మంచివాడని పదిమందికీ చెప్పి చెప్పి చంపుకుతిన్నాను. నాకూ సిగ్గులేదు."

పిల్ల లేచింది. గాజుపలక జాగ్రత్తగా గోడకి ఆనించి, గుమ్మం దగ్గరికెళ్ళి, షట్టరు లోపలినుంచి కిందికి లాగేసింది. లైటు వేసింది. మా ఇద్దరి మధ్యకీ రాలేదు. షట్టరుకి వీపు ఆనించి నేలమీద కూర్చుని మోకాళ్ళమీద మొహం పెట్టుకుంది.

నాకు ఊపిరందక ఆగాను. ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది. తప్పు మాట్లాడానా అని ఆయన మొహం చూశాను. ఆయన నమూనాల వంక చూడ్డంలేదు. నా కళ్ళలోకే చూస్తున్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి, తుడుచుకోవడంలేదు. మా పెళ్ళైన కొత్తల్లో, మొదటి ఫ్రేము అమ్ముడుపోయిన రోజున చూసిన మనిషి, మళ్ళీ ఇన్నాళ్ళకి నాకెదురుగా నిలబడ్డాడు.

"ఇంకా ఉందా?" అన్నాడు.

"చాలా ఉంది."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.